ఇంట్లో ఎవరి డబ్బుకి ఏ తాళం? గోదావరి డెల్టా కుటుంబాలకు ఒక ఎంపిక సలహా

మోసాల నుంచి ఎలా కాపాడుకోవాలని అడిగితే అందరూ ఒకే పాఠం అప్పజెబుతారు: ఓటీపీ చెప్పకండి, లింకులు నొక్కకండి, పాస్‌వర్డ్ మార్చుకోండి. అన్నీ నిజమే. కానీ అమలాపురంలో పింఛను తీసుకునే మామ్మగారికీ, భీమవరం పక్కన రొయ్యల చెరువు చేస్తున్న ఆవిడ కొడుక్కీ, కువైట్‌లో పనిచేస్తూ నెలనెలా ఇంటికి డబ్బు పంపే ఆవిడ కూతురికీ ఒకే పాఠం ఎలా సరిపోతుంది? మామ్మగారి డబ్బు వేలిముద్రతో బయటికి వస్తుంది. కొడుకు డబ్బు ఫోన్ మీద కదులుతుంది. కూతురి డబ్బుకి ఆధారం ఇక్కడ బీరువాలో పడి ఉన్న ఒక సిమ్ కార్డు. ఎవరి డబ్బు ఏ దారిన పోయే అవకాశం ఉందో చూసుకుని ఆ దారికే గట్టి తాళం వెయ్యాలి. అందరికీ అన్ని తాళాలూ వేస్తే దొంగకంటే ముందు మనవాళ్ళే గుమ్మంలో ఆగిపోతారు.

వేలిముద్రకి మూడు తాళాలు

డెల్టా ఊళ్ళలో అందరికంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్నది స్మార్ట్‌ఫోన్ వాడే కుర్రాళ్ళని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో బటన్ ఫోన్ కూడా లేని పెద్దవాళ్ళే. ఆధార్ లింకైన ఖాతా నుంచి డబ్బు తీయడానికి ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. పిన్ అడగదు, ఓటీపీ రాదు. ఒక్కసారికి 10,000 రూపాయల దాకా తీయొచ్చు. దీని పేరు ఏఈపీఎస్. బ్యాంకు మిత్ర దగ్గరో, కిరాణా కొట్టులోనో చిన్న మిషన్ మీద వేలు పెట్టి డబ్బు తీసుకునేది ఇదే. బ్రాంచికి వెళ్ళలేని వాళ్ళకి ఇది నిజంగా పెద్ద సాయం. ఇబ్బందల్లా వేలిముద్ర రహస్యం కాకపోవడంతోనే. భూమి రిజిస్ట్రేషన్ కాగితాల మీద పడిన వేలిముద్రల్ని సేకరించి, వాటితో నకిలీ ముద్రలు తయారుచేసి ఖాతాలు ఖాళీ చేసిన ముఠాలు వేర్వేరు రాష్ట్రాల్లో పోలీసులకు దొరికాయి. నాలుగు సెంట్ల స్థలం అమ్మినా, అన్నదమ్ములు పంపకాలు చేసుకున్నా ఆ కాగితం మీద మన వేలు ఉంటుంది. పిన్‌లా దాన్ని మార్చుకోలేం.

మొదటి దారి ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్. ఆధార్ జారీ చేసే ఉడాయ్ సంస్థ వాళ్ళ మైఆధార్ సైటులోనో, ఆధార్ యాప్‌లోనో ఉచితంగా వేసుకోవచ్చు. లాక్ పడితే ఏ మిషన్ మీద వేలు పెట్టినా పని చెయ్యదు. అవసరమైనప్పుడు తాత్కాలికంగా తెరిస్తే పది నిమిషాలు తెరుచుకుని తనంతట తానే మళ్ళీ మూసుకుంటుంది. ఉన్నవాటిలో గట్టి తాళం ఇదే. కానీ మన ఊళ్ళలో వేలు ఎన్ని చోట్ల పెట్టాలో ఒకసారి తలుచుకోండి. ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం వాళ్ళు పింఛను తెచ్చినప్పుడు, రేషన్ దగ్గర, ఈ-పంట నమోదుకి, పీఎం కిసాన్ కేవైసీకి. మామ్మగారి ఆధార్‌కి లింకైన నంబరు హైదరాబాద్‌లో ఉన్న కొడుకుదైతే, ఆయన తెల్లవారుజామునే లేచి ఓటీపీ కొట్టి లాక్ తియ్యాలి. ఈలోగా పింఛను తెచ్చినాయన పక్క వీధికి వెళ్ళిపోతాడు. రెండు నెలలు ఇలా జరిగితే లాక్ తీసేసి ఊరుకుంటారు. పాటించలేని జాగ్రత్త ఎంత గట్టిదైతే ఏం లాభం?

రెండో దారి, బ్యాంకుకి వెళ్ళి ఈ ఖాతా మీద ఏఈపీఎస్ లావాదేవీలు ఆపమని కాగితం రాసివ్వడం. చాలా బ్యాంకుల్లో ఈ వీలుంది, కొన్నింట్లో మొబైల్ యాప్‌లోనే ఆపుకోవచ్చు. దీని సుగుణం ఏమిటంటే పింఛను, రేషన్, ఈ-పంట దగ్గర వేలు మామూలుగానే పనిచేస్తుంది, ఖాతాలోంచి డబ్బు మాత్రం వేలితో పోదు. ప్రభుత్వం ఖాతాలో వేసే డబ్బు కూడా ఆగదు, అది వచ్చే దారి వేరు. ఇబ్బంది ఒకటే. ఆధార్ లింకైన ఖాతాలు మూడు బ్యాంకుల్లో ఉంటే మూడు చోట్లా రాసివ్వాలి. మర్చిపోయిన ఖాతా ఒక్కటున్నా ఆ తలుపు తెరిచున్నట్టే.

మూడో దారి ఖాతాలు విడగొట్టడం. ప్రభుత్వ డబ్బు పడే ఖాతా ఒకటి, దాంట్లో ఎప్పుడూ రెండు మూడు వేలకు మించి ఉంచరు. దాళ్వా ధాన్యం డబ్బు, స్థలం అమ్మిన సొమ్ము, పిల్లలు పంపినది ఇంకో ఖాతాలోకో, ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకో మారుస్తారు. వేలితో డబ్బు తీసుకోక తప్పని వాళ్ళకి, అంటే లంక గ్రామాల్లో ఉండి బ్యాంకుకి వెళ్ళాలంటే పడవ ఎక్కాల్సిన వాళ్ళకి, నేను చెప్పేది ఇదే. దొంగతనం జరగదని కాదు, జరిగినా పోయేది ఆ రెండు మూడు వేలే.

నా మాట ఇది: వేలిముద్ర అవసరం రోజువారీ లేనివాళ్ళు, అంటే ఉద్యోగస్తులు, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న పిల్లలు, గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు ఈరోజే బయోమెట్రిక్ లాక్ వేసెయ్యండి. పింఛను, రేషన్ తీసుకునే పెద్దవాళ్ళకి రెండో దారి, మూడో దారి కలిపి వాడండి. వ్యవసాయం చేసేవాళ్ళు మధ్యలో ఉంటారు. సార్వా, దాళ్వా నమోదుల సమయంలో తెరిచి ఉంచి, మిగతా నెలల్లో లాక్ వేసుకోవచ్చు. గుర్తుండదనుకుంటే రెండో దారే మేలు.

ఇంకో మాట. వేలు పెట్టాక "పడలేదండీ, మళ్ళీ పెట్టండి" అంటే వెంటనే మళ్ళీ పెట్టకండి. మొదటిసారి నిజంగా పడలేదన్న చీటీ అడగండి. రెండుసార్లు తీసి ఒకసారి డబ్బే చేతిలో పెట్టే మోసానికి ఖర్చూ లేదు, తెలివీ అక్కర్లేదు.

ఒక ఫోనా, రెండు ఫోన్లా

ఫోన్ మీద డబ్బు నడిపేవాళ్ళకి ఇప్పుడు పెద్ద ముప్పు ఏపీకే ఫైళ్ళు, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా ఫోన్‌లోకి యాప్ ఎక్కించే ఫైళ్ళు. పీఎం కిసాన్ అనో, ట్రాఫిక్ చలానా అనో, పెళ్ళి శుభలేఖ అనో వాట్సాప్‌లో ఒక ఫైలు వస్తుంది. శుభలేఖ బొమ్మగానో పీడీఎఫ్‌గానో వస్తుంది కానీ "ఇన్‌స్టాల్ చెయ్యండి" అనదు. అలా అన్నదంటే అది ఫోన్‌లోకి వచ్చే మెసేజీలు చదవడానికి పెట్టిన దొంగ యాపే. మనం ఎవరికీ ఓటీపీ చెప్పకపోయినా అది వాళ్ళకి చేరిపోతుంది. తెలిసిన వాళ్ళ నంబరు నుంచి వచ్చిందని నమ్మడానికి లేదు, ముందు వాళ్ళ ఫోనే మోసగాళ్ళ చేతికి చిక్కి ఉండొచ్చు.

దీనికి రెండు రకాల జవాబులు ఉన్నాయి. ఒకటి, ఒకే ఫోన్ వాడుతూ జాగ్రత్తగా ఉండటం: ప్లే స్టోర్ బయటి యాప్‌లు ఎక్కకుండా సెట్టింగ్ పెట్టుకోవడం, వాట్సాప్‌కి ఆరంకెల టూ-స్టెప్ పిన్ పెట్టుకోవడం, యూపీఐ రోజువారీ పరిమితి బ్యాంకు యాప్‌లో తగ్గించుకోవడం. నెలకి పాతిక, ముప్పై వేలు నడిచే ఇంటికి ఇది చాలు.

రెండోది, పెద్ద ఖాతాకి వేరే సిమ్ తీసుకుని దాన్ని బటన్ ఫోన్‌లో వెయ్యడం. స్మార్ట్‌ఫోన్‌లో చిన్న ఖాతాతో యూపీఐ నడుస్తుంది. పెద్ద ఖాతా ఓటీపీలన్నీ ఇంట్లో ఉన్న బటన్ ఫోన్‌కి వస్తాయి, అందులోకి ఏపీకే ఎక్కే దారే లేదు. రొయ్యలు పట్టుబడి అయ్యాక ఖాతాలో లక్షలు పడే చెరువుల వాళ్ళకీ, అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసేవాళ్ళకీ నేను ఇదే చెబుతాను. మేత కంపెనీకి డబ్బు కట్టాలంటే ఇంటికి ఫోన్ చేసి ఓటీపీ అడగాలి, ఆ చిరాకు ఉంటుంది. ఆ ఆలస్యమే పనికొస్తుంది కూడా: అవతలివాడు తొందరపెడుతుంటే మధ్యలో ఇంకో మనిషి చెవిన పడుతుంది. ఒక షరతు ఉంది. ఆ సిమ్‌కి రీఛార్జి ఆగకూడదు.

గల్ఫ్‌కి వెళ్ళినవాళ్ళ సిమ్

రాజోలు, మలికిపురం, మామిడికుదురు వైపు దాదాపు ప్రతి వీధిలో ఒకరు గల్ఫ్‌లో ఉంటారు. వెళ్ళేటప్పుడు ఇక్కడి సిమ్ ఇంట్లో వదిలేస్తారు. కొన్నాళ్ళకి రీఛార్జి ఆగిపోతుంది. వాడకం, బ్యాలెన్స్ లేకుండా మూడు నెలలు దాటితే కంపెనీ ఆ నంబరు రద్దు చేసి తర్వాత ఇంకొకరికి ఇవ్వొచ్చు. మన ఖాతాకి మాత్రం ఆ నంబరే లింకై ఉంటుంది. కొత్తగా ఆ సిమ్ తీసుకున్నవాడు మంచివాడైతే సరే.

ఇక్కడ మూడు పద్ధతులున్నాయి. సిమ్‌ని తమతో తీసుకెళ్ళి రోమింగ్‌లో మెసేజీలు మాత్రం వచ్చేలా చిన్న రీఛార్జితో బతికించుకోవచ్చు. ఇంట్లో నమ్మకస్తుల చేతిలో పెట్టి వెళ్ళొచ్చు. లేదా ఖాతాని ఎన్ఆర్ఓ, అంటే విదేశంలో ఉండేవాళ్ళ ఖాతా, కిందకి మార్చి విదేశీ నంబరే లింక్ చేసుకోవచ్చు. చట్టప్రకారం విదేశంలో ఉద్యోగానికి వెళ్ళినవాళ్ళు మామూలు సేవింగ్స్ ఖాతాని ఎన్ఆర్ఓగా మార్చుకోవాల్సిందే, కాబట్టి సరైన పద్ధతి మూడోది. విదేశీ నంబరుతో యూపీఐ కూడా వస్తుంది కానీ అన్ని దేశాలకీ కాదు. 2023లో మొదట ప్రకటించిన పది దేశాల్లో ఒమన్, ఖతార్, సౌదీ, యూఏఈ ఉన్నాయి, కువైట్ లేదు. మన ఆడవాళ్ళు ఎక్కువమంది వెళ్ళేది అక్కడికే కాబట్టి వెళ్ళేముందు బ్రాంచిలో అడిగి తెలుసుకోవాలి. అది కుదరనప్పుడు మొదటి పద్ధతి ఎంచుకోండి. ఇంట్లో వదిలి వెళ్ళడాన్ని నేను ఆఖర్న పెడతాను. కారణం దొంగల భయమొక్కటే కాదు. సిమ్, ఏటీఎం కార్డు, పిన్ మూడూ ఒకరి చేతిలో ఉంటే రేపు లెక్క తేడా వచ్చినప్పుడు పోయేది డబ్బుతోపాటు చుట్టరికం కూడా.

ఇంకా వెళ్ళనివాళ్ళకి ఒక్క మాట: ఏజెంటు చేతికి పాస్‌పోర్టు ఇచ్చేముందు కేంద్ర ప్రభుత్వం వాళ్ళ ఈ-మైగ్రేట్ సైటులో అతని లైసెన్సు చూడండి. లైసెన్సున్న ఏజెంటు వసూలు చేయగలిగిన సర్వీసు ఛార్జి 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. ముందు విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తానంటే ఆ మాట దగ్గరే లేచి వచ్చెయ్యండి.

పెద్దవాళ్ళకి యూపీఐ ఇవ్వాలా

"నాన్నగారికి ఫోన్‌పే పెట్టించాలా వద్దా" అని అడిగేవాళ్ళు చాలామంది. నగదుతో సరిపోయే మనిషికి బలవంతంగా పెట్టించకండి. పాలవాడికీ, మందుల షాపుకీ కావాలనుకుంటే యూపీఐ లైట్ చాలు. అందులో 5,000 దాకా వేసుకోవచ్చు, ఒక్కోసారి 1,000 వరకు పిన్ లేకుండా పోతుంది. ఫోన్ పోయినా నష్టం ఆ ఐదు వేల లోపే.

కొడుకో కూతురో తమ ఖాతా నుంచే ఇవ్వాలనుకుంటే యూపీఐ సర్కిల్ ఉంది. దాంట్లో రెండు రకాలు. ఒకటి, నెలకి 15,000, ఒక్కోసారికి 5,000 మించకుండా వాళ్ళే ఖర్చు పెట్టుకునేది. రెండోది, ప్రతి చెల్లింపునీ మనం పిన్ కొట్టి ఒప్పుకునేది. రెండో రకం చెప్పడానికి బాగుంటుంది. కానీ ఆసుపత్రి కౌంటర్ దగ్గర నాన్నగారు నిలబడి ఉంటే మీరు మీటింగ్‌లో ఉంటారు. మొదటి రకమే పెట్టుకోండి. ఏ రకమైనా సరే, "డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి" అన్న ఒక్క వాక్యం వాళ్ళకి నోటికి వచ్చేదాకా చెప్పండి.

బ్రాంచికి నడవడమా, ఫోన్లో తేల్చుకోవడమా

మన వైపు బ్యాంకుల పేర్లు ఈమధ్య చాలా మారాయి. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. 2025 మే 1 నుంచి చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు మరో మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. "మీ బ్యాంకు మారిపోయింది, కేవైసీ చేయకపోతే ఖాతా ఆగిపోతుంది" అన్న ఫోను నమ్మబుద్ధి వేసేది ఇందుకే. సగం నిజమే కదా.

కేవైసీ మాట వస్తే ఎప్పుడైనా బ్రాంచికి వెళ్ళడమే నయం. లంకల్లో తప్ప మన ఊళ్ళలో బ్రాంచి మరీ దూరమేం కాదు. ఫోన్ చెయ్యక తప్పకపోతే ఏటీఎం కార్డు వెనక ముద్రించిన నంబరుకి చెయ్యండి. ఇంటర్నెట్‌లో వెతికితే ముందు కనిపించే కస్టమర్ కేర్ నంబర్లలో మోసగాళ్ళవీ ఉంటాయి. రిజర్వ్ బ్యాంకు 2025 అక్టోబరు 31 లోగా బ్యాంకుల సైట్లన్నీ "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" తో ముగిసే చిరునామాలకి మారాలని చెప్పింది. కాబట్టి సైటు పేరు చివర అది ఉందో లేదో చూడటం ఇప్పుడు తేలిక.

పోలీసులమనీ, సీబీఐ అనీ చెప్పి వీడియో కాల్‌లో గంటల తరబడి కూర్చోబెట్టే "డిజిటల్ అరెస్టు" చట్టంలోనే లేదు. 2024 అక్టోబరు 27న మన్ కీ బాత్‌లో ప్రధాని కూడా ఈ సంగతే చెప్పారు. మనవాళ్ళకి ఇక్కడొక బలహీనత ఉంది. అవతలివాడు "సార్" అన్నాక ఫోన్ పెట్టేస్తే బాగోదని మొహమాటం. "ఆయ్, చెప్పండి, చెప్పండి" అంటూ వింటూనే ఉంటారు. వాడు మన పెద్దమనిషితనం మీదే బతుకుతున్నాడు. పెట్టెయ్యండి.

ఆధార్ కాగితం, పేరు మీద అప్పులు

అంతర్వేదిలో గదికో, దిండిలో రిసార్టుకో ఆధార్ ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. పూర్తి నంబరున్న జిరాక్సు తప్పనిసరైన చోట కాగితం మీద ఎందుకోసమో, తేదీ రాసి ఇవ్వండి. నెట్ సెంటర్‌లో డౌన్‌లోడ్ చేయిస్తే ప్రింటు తీసుకున్నాక ఫైలు మీ కళ్ళముందే తీసేయమనండి.

మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కేంద్ర టెలికాం శాఖ వాళ్ళ సంచార్ సాథీ సైటులో కనిపిస్తాయి. మీది కానిది ఉంటే అక్కడే చెప్పొచ్చు, పోయిన ఫోన్‌ని పనిచెయ్యకుండా ఆపించొచ్చు. మీకు తెలియకుండా మీ పేరున అప్పు ఉందేమో తెలియాలంటే క్రెడిట్ రిపోర్టు చూడాలి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్, నాలుగూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మూడు నెలలకి ఒకరి దగ్గర చూసుకుంటే ఏడాది పొడుగునా కాపలా ఉన్నట్టే. అందుకే డబ్బు కట్టి తీసుకునే "ఐడెంటిటీ ప్రొటెక్షన్" ప్లాన్లు, సైబర్ బీమాలు మామూలు ఇంటికి ముందు అక్కర్లేదంటాను. పైన చెప్పిన ఉచితమైనవన్నీ అయ్యాక, వ్యాపార ఖాతాలో ఎప్పుడూ పెద్ద మొత్తం తిరుగుతుంటే అప్పుడు ఆలోచించండి. బీమా తీసుకున్నా, మనమే ఓటీపీ చెబితే ఇస్తారా లేదా అన్న షరతు చదవందే సంతకం పెట్టకండి.

కాలేజీ పిల్లలున్న ఇళ్ళకి ఇంకో హెచ్చరిక. "ఖాతా, కార్డు, సిమ్ ఇస్తే నెలకి ఇంత" అని అడిగేవాళ్ళు తిరుగుతున్నారు. దోచిన డబ్బు ఆ ఖాతాలోంచే వెళుతుంది. పోలీసులు ముందు తలుపు తట్టేది ఆ ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్ళ ఇంటిదే.

డబ్బు పోయాక: 1930, బ్యాంకు, పోలీస్ స్టేషన్

ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. పోలీస్ స్టేషన్‌కి తర్వాత వెళ్ళొచ్చు. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి నిమిషాల్లో మారిపోతుంది, 1930లో ఫిర్యాదు పడితే ఆ ఖాతాల్ని మధ్యలోనే ఆపించే వీలుంది. లైను దొరక్కపోతే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో నమోదు చెయ్యండి. చేతిలో ఉండాల్సినవి: లావాదేవీ నంబరు (యూపీఐ అయితే 12 అంకెలది), సమయం, మొత్తం, డబ్బు వెళ్ళిన ఖాతా వివరం, స్క్రీన్‌షాట్లు.

ఆ వెంటనే బ్యాంకు. 2017 జులైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం మన తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా మధ్యలో ఎవరో చేసిన లావాదేవీని మూడు పనిదినాల్లోగా చెబితే నష్టం మనది కాదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాకి 10,000 వరకు మన మీద పడొచ్చు. మనమే పిన్, ఓటీపీ చెప్పి ఉంటే, బ్యాంకుకి చెప్పే క్షణం దాకా పోయినది మనదే, ఆ తర్వాత పోయేది బ్యాంకుది. అందుకే సిగ్గుపడి సాయంత్రం దాకా దాచడంలో అర్థం లేదు. నకిలీ వేలిముద్రతో పోయిన కేసుల్లో మనం చెప్పిన ఓటీపీ అంటూ ఏదీ ఉండదు కాబట్టి ఆ మాట ఫిర్యాదులో స్పష్టంగా రాయండి.

నోటిమాటగా చెప్పి రాకండి. రెండు కాపీలు రాసి ఒకదాని మీద బ్రాంచి ముద్ర, తేదీ వేయించుకోండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఉచితంగా ఫిర్యాదు పెట్టొచ్చు. ఎలా పెట్టాలో 14448కి ఫోన్ చేస్తే చెబుతారు. అక్కడ ముందుగా అడిగేది ఆ ముద్ర వేసిన కాపీయే.